మెట్టనేల మీద ఓడను కొలిచిన నాళ్ళు

కర్ణాటకలో, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న పావగడ తాలూకాలో ఒక ఓడ ఉండేదని చెబితే నవ్వనివారిని నేనింతవరకు చూడలేదు. మీరూ నవ్వండి, నవ్వు తీరిన పిదప చదవండి. ఆ ఓడకు పొట్ట లేదు, పొగగొట్టం లేదు, లంగరు లేదు. ఉన్నవి దాని నరాలు మాత్రమే. రాయచెర్లు పొలిమేరలో సోలార్ పలకల వరుసలు ముగిసేచోట పొడవాటి రేకుల షెడ్డు ఒకటి ఉండేది. సముద్ర పరిశోధనకై కట్టబోయే ఒక నౌకకు కావలసిన కంప్యూటర్లను, వాటిని కలిపే తీగలను, ఓడలోకి ఎక్కించకమునుపే నేల మీద పరచి పరీక్షించడానికి ఒక చిన్న సంస్థ ఆ షెడ్డును అద్దెకు తీసుకున్నది. రేవు పట్టణాలలో అంత చోటు దొరకడం దుర్లభం; ఇక్కడ చోటుకూ కరెంటుకూ కొదవ లేదు. కొదవ ఉన్నది నీళ్ళకే గాని, మా ఓడకు నీళ్ళతో పని లేదు.

నేనప్పటికి ఉద్యోగం నుండి విరమించి, స్వగ్రామమైన నాగలమడికలో, చిన్ననాడు తాతగారి వద్ద చదువుకొన్న ప్రబంధాలను మళ్ళీ మొదటి పద్యం నుండి చదువుకొంటున్నాను. అంతకుముందు బహుకాలం తీరప్రాంతాలలో ఓడల నెట్‌వర్కులను కొలవడమే నా వృత్తి. ఆ సంగతి ఎవరో చెప్పగా, షెడ్డు బాధ్యత వహిస్తున్న ఇంజనీరు అమ్మాయి ఒకనాడు మోటారుసైకిలు మీద మా ఇంటికి వచ్చి, కొన్ని నెలలపాటు కొలతల పని చూచిపెట్టమని అడిగింది. తుమకూరులో చదివిన పిల్ల. అది ఆమెకు మొదటి పెద్ద బాధ్యత. “మీరు కాదంటే సముద్రం దగ్గరి నుంచి ఎవరినైనా పిలిపించాలి సార్. వాళ్ళు ఈ ఎండకు నిలవరు,” అన్నది. కావ్యాలు మూసి బయలుదేరాను.

ఇప్పుడు ఇట్టి పనులలో అడుగుపెడుతున్న మీబోటి పిల్లలకోసం, మేము కొలిచినదేమిటో కొద్దిగా చెప్పక తప్పదు. పూర్వపు ఓడలలో అధికారి చక్రం తిప్పితే తాళ్ళో, గొలుసులో, నూనె గొట్టాలో ఆ కదలికను చుక్కానికి చేర్చేవి. ఇప్పుడు ఆ తిప్పుడు ఒక సందేశమై తీగలలో ప్రయాణిస్తుంది. అదే తీగలలో ఇంజను గది కబుర్లు, కెమెరాల దృశ్యాలు, సముద్రగర్భం నుండి శబ్దతరంగాలు మోసుకొచ్చే చిత్రాలు, వంటగది చలిపెట్టె ఫిర్యాదులు కూడా వెళుతూ ఉంటాయి. వీటన్నిటినీ పంపేవారికీ అందుకొనేవారికీ నడుమ నిలిచి, ఏది ఎవరికి, దేనికంటె ముందు చేరవలెనో చూచే సాఫ్ట్‌వేరును మిడిల్‌వేర్ అంటారు. దాని నడవడిని కొలవడమే నా పని.

ఈ పనిలో వేగం కన్న వేళ ముఖ్యం. వేలకొలది చుక్కాని సందేశాలు చప్పున చేరి, ఒక్కటి మాత్రం గడువు దాటి చేరిందనుకోండి. ఆ ఒక్కటీ ఇరుకు రేవులో ఎదురు ఓడను తప్పించుకోవలసిన క్షణాన పంపినదైతే, తక్కినవెంత చురుకుగా చేరాయన్న లెక్క ఎవరికీ ఊరట కాదు. అందుచేత మేము సగటును చూచి సంతోషించము. అన్నిటికంటె వెనుకబడి వచ్చినది ఎంత వెనుకబడినదో చూస్తాము. షెడ్డు ఒక కొసన చక్రాన్ని, ఓడ పొడవెంతో అంత తీగ చుట్టలను దాటి రెండవ కొసన చుక్కాని యంత్రాన్ని నిలిపి, దాని పక్కన ఎర్రదీపం అమర్చాము. సందేశం గడువు దాటితే దీపం వెలుగుతుంది. ఆ దీపం ఎన్నడూ వెలగకుండా ఉండాలి. ఓడను నడపబోయే కెప్టెను స్వయంగా వచ్చి చూచి ఒప్పుకుంటేనే పరికరాలు రేవుకు వెళతాయి. ఒప్పుకోకపోతే పని మరొకరి చేతికి పోతుంది, షెడ్డు మూతపడుతుంది, అందులో పనిచేసేవారు మళ్ళీ ఎండలో పలకలు కడగడానికి పోతారు.

వారి గురించి చెప్పాలి. తీగలు లాగించే మేస్త్రి రాయచెర్లు రైతు. పొలంలో అధికభాగం పలకల కిందికి పోగా, మిగిలిన నేల చెక్క వైపు చూచి నిట్టూరుస్తూ షెడ్డుకు వచ్చేవాడు. కంప్యూటర్ల ముందు కూర్చొని ఓడ సిబ్బంది చేయవలసిన పనులను చేయడానికి క్యాతగానచెర్లు నుండి వచ్చే ఆడవాళ్ళు కొందరుండేవారు. ఒకామె కెమెరాలు తిప్పేది, ఒకామె ఇంజను గది చూచేది, ఒకామె సముద్రగర్భ చిత్రాలు తెరిచేది. వీరందరిలో పెద్దది, నోటి చురుకులో కూడా పెద్దదైన ఆమెను అందరూ ‘అక్కా’ అనేవారు; ఆమెకన్న పెద్దవాడనైన నేనూ అట్లే పిలిచేవాడిని.

మొదటినాడే ఆమె నన్ను పరీక్షించింది.

“సార్, మీరు నిజింగా సముద్రంలో పోయినారా?”

“పోయాను.”

“ఈత వస్తాదా?”

“రాదు.”

“చూస్తిరా!” అన్నది పక్కవాళ్ళతో. “ఈత రానోళ్ళంతా చేరి ఓడ చేస్తా ఉండాము. దేవుడే గతి దానికి.”

షెడ్డు చివర అద్దాల తలుపున్న చిన్న గది నాది. దుమ్ము రాకుండా తలుపు మూసి, షెడ్డు వైపు వీపు పెట్టి, కొలతల తెర ముందు కూర్చొని, చుక్కాని సందేశాలను అక్కడి నుండే పంపి కొలిచేవాడిని. పని మొదలుపెట్టేముందు తలుపు తెరచి మేస్త్రికి చెప్పడం అలవాటు. అతడు వెంటనే షెడ్డు దద్దరిల్లేట్లు, “సారు కొలుస్తా ఉండాడప్పోయ్!” అని కేకవేసేవాడు. రాజులు సభకు వస్తే వందిమాగధులు పొగడుతూ కైవారం చేసేవారని కావ్యాలలో చదివినవాడిని. నాకు ఆ కేక కొంత ఇంపుగానే ఉండేదని ఒప్పుకొంటాను. దాని అర్థమేమిటో అడగాలని తోచలేదు.

కొలతలు కూడా అంతే ఇంపుగా వచ్చేవి. ప్రతి సందేశమూ గడువుకు ఎంతో ముందే చేరేది. అట్టి నడవడిని నేను నా ఉద్యోగకాలంలో ఏ ఓడలోనూ చూడలేదు. ఇంజనీరు అమ్మాయి ముఖం నానాటికీ వికసించింది. ఆ ఫలితాలను కెప్టెనుకు పంపించాము. ఆయన సంతోషించి, వచ్చే వారం వస్తున్నానని జవాబు వ్రాశారు.

ఆ మధ్య ఒకనాడు మేస్త్రి బంధువుల పెళ్ళికి నాగలమడిక వెళ్ళాడు. చెప్పవలసిన మనిషి లేనందున ఎవరితోనూ చెప్పకుండానే గదిలో కూర్చొని కొలవడం మొదలుపెట్టాను. కాసేపటికి తెర మీద ఒక గీత చివ్వున పైకి లేచింది. వెనుదిరిగి చూస్తే ఆ కొసన ఎర్రదీపం. పరికరమే చెడిందనుకొని, మార్చి, మళ్ళీ కొలిచాను. మళ్ళీ ఎర్రదీపం. ఇంజనీరు అమ్మాయి తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి తగిలించింది. పొద్దు వాలేదాకా ఆ దీపం మమ్మల్ని వెక్కిరిస్తూనే ఉన్నది.

మరునాడు మేస్త్రి వచ్చాడు. కేక వేశాడు. కొలిచాను. దీపం వెలగలేదు, అన్నీ మునుపటివలెనే ముత్యాలు.

యంత్రానికి మేస్త్రి ముఖం మీద భక్తి ఉండదు గదా. తెర అట్లే ఉంచి, తలుపు తెరచి షెడ్డులోకి వచ్చాను. ఒక్క కుర్చీలోనూ మనిషి లేదు. కెమెరాల తెరలు నల్లగా ఉన్నాయి. బయట వేపచెట్టు నీడలో ఆడవాళ్ళందరూ వరుసగా కూర్చొని, శెనక్కాయలు ఒలుచుకుంటూ, గొంతు తగ్గించి మాట్లాడుకొంటున్నారు. నన్ను చూచి ఉలిక్కిపడ్డారు.

“అయిపోయిందా సార్? ఈ పొద్దు బిరిన అయిపోయిందే!” అన్నది అక్క, ఒడిలో పొట్టు దులుపుకుంటూ లేచి.

“మీరంతా ఇక్కడున్నారేమమ్మా?”

“మీరు కొలుస్తా ఉంటిరి గదా!”

“కొలిస్తే?”

ఆమె మేస్త్రి వైపు చూచింది. మేస్త్రి, ఇంత పెద్దమనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్లు, మర్యాదగానే చెప్పాడు. “కొలిచేటప్పుడు పక్కోళ్ళు మోటార్లు ఆపల్ల గదా సామీ. బోరు ఏసినోడు నీళ్ళు కొలిపించుకునే దినం సుట్టూ ఉండేటోళ్ళంతా వాళ్ళ పంపుసెట్లు నిలిపేస్తాము. పాపం, వానికి మంచి కొలత రావల్ల గదా. ఈడ గూడా అంతే. మీరు కొలిచేటప్పుడు అందురూ అన్నీ ఆపేసి బయటికి వచ్చేయల్లని మొదటి దినమే చెప్పినా.”

ఆ కేక కైవారం కాదు. మోటార్లు ఆపమన్న హెచ్చరిక.

నిన్న అతడు లేడు గనుక ఎవరూ ఆపలేదు. నిజమైన ఓడ నాకు కనబడినది నిన్న ఒక్కనాడే. అంతవరకు నేను కొలిచినది, అందరూ లేచి గట్టు మీదికి వెళ్ళిపోయిన ఓడను. నెట్‌వర్కులో రద్దీని చూపే గీత ఒకటి నా తెరమీద ఉండేది. యంత్రాలు తమలో తాము చెప్పుకొనే ముచ్చట్లతో అది కదులుతూనే ఉండడంవల్ల నాకు అనుమానం రాలేదు. బరువైన చిత్రాలన్నీ ఆగిపోయాయని ఆ కదలిక నాకు చెప్పలేదు.

నా వెనుకనే వచ్చిన ఇంజనీరు అమ్మాయి అంతా విన్నది. “ఆ ఫలితాలన్నీ కెప్టెనుకు పంపించేశాను సార్,” అన్నది సన్నగా.

మేస్త్రి ఓదార్చబోయాడు. “దానికేంది మేడమ్? ఆ కెప్టెను వచ్చిన దినం గూడా మేము గమ్మున బయట కూచుంటే సరిపోయె. దీపం వెలగదు. ఎవురికి తెలుస్తాది?”

“ఓడలో ఎక్కేటోళ్ళకి తెలుస్తాది,” అన్నది అక్క. ఆమె అక్కడితో ఆగలేదు. “నీ బోరు మాదిరి! కొలిచిన దినం ఊరంతా మోటార్లు ఆపిరి. నీళ్ళు ఎగజిమ్మి పడె. నువ్వు మీసం తిప్పి చేనంతా శెనక్కాయ పెడితివి. మర్నాడు అందురూ మోటార్లు ఏసుకుంటే యాడ పోయె నీ నీళ్ళు?”

నీడలోని ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఆ పైరు ఎండిన పిదపనే అతడు చేను పలకలకు ఇచ్చాడని నాకప్పుడు తెలిసింది. అతడు కొంతసేపు తుండుగుడ్డ కొస మెలిపెట్టి, “నిజమే అక్కా,” అన్నాడు. ఆ తరువాత ఇంజనీరు అమ్మాయితో, “వద్దులే మేడమ్. ఉండేదే చెప్పండి ఆయప్పకి,” అన్నాడు.

ఆమె ఆనాడే కెప్టెనుకు ఫోను చేసింది. పంపిన కొలతలు ఎవరూ పనిచేయని ఓడవి అని, పనిచేసే ఓడలో చుక్కాని సందేశం ఆలస్యమవుతున్నదని చెప్పింది. ఆయన అంతా విన్నారట. పిదప, “అనుకున్న రోజుకే వస్తాను,” అని మాత్రం అన్నారట. అందులో కోపమున్నదో లేదో తేల్చుకోలేక ఆ పిల్ల రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

తినకపోయినా పనిచేసింది. లోపం ఎక్కడున్నదో ఆమే పట్టుకొన్నది. మిడిల్‌వేర్ చుక్కాని సందేశం మీద తొందర గుర్తు సక్రమంగానే వేస్తున్నది. కాని దారిలో తీగలు కలిసేచోట ఉండే స్విచ్చి పెట్టెలు ఆ గుర్తును చూడటమే లేదు. కెమెరాల దృశ్యాల వెనుక దాన్నీ వరుసలో నిలబెడుతున్నాయి. మేస్త్రికి అర్థం కావాలని నేను, “పలకలు మోసే లారీల వెనుక ఆంబులెన్సు చిక్కుకొన్నది. అది దీపం వేసుకొన్నా దారిచ్చేవారు లేరు,” అన్నాను. “అట్లయితే లారీలోళ్ళకి చెప్పల్ల గానీ, ఆంబులెన్సుని తిడితే ఏమొస్తాది?” అన్నాడు. ఆమె ఆ పెట్టెలన్నిటికీ ఆ గుర్తును మన్నించడం నేర్పింది. మళ్ళీ కొలవడానికి మాత్రం మాకు తగినంత వ్యవధి చిక్కలేదు. కెప్టెను వచ్చే రోజు వచ్చింది.

ఆయన తలనెరసిన మనిషి, మితభాషి. కన్నడ తీరంవాడు, మేము కన్నడంలోనే మాట్లాడుకొన్నాము. షెడ్డులో అడుగుపెట్టి కూర్చొనక మునుపే అడిగారు. “అయితే నాకు పంపినవి అబద్ధపు లెక్కలా?”

ఆ పిల్ల ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. “అబద్ధాలు కావు సార్. అందరూ దిగిపోయిన ఓడ లెక్కలు.”

“అట్టి ఓడను నేనెన్నడూ నడపలేదు,” అన్నారాయన. “మొదట నాకు లోపం చూపించండి. బాగుచేసినది తరువాత చూస్తాను.”

పెట్టెలను పాత పద్ధతికి మార్చి, ఆయనను చక్రం ముందు కూర్చోబెట్టాము. ఆడవాళ్ళు తమ తమ కుర్చీలలో కూర్చొన్నారు. నేను మేస్త్రి వైపు చూచాను. కేక వేయడానికి అతనికి నోరు రావడం లేదు.

“ఏమి కేకవేయల్ల సామీ? కొలిచేటప్పుడు గలాటా చేయండని యాడన్నా చెప్తారా?”

“ఈ షెడ్డులో చెప్తాము.”

అతడు గుండెనిండా ఊపిరి పీల్చి, “సారు కొలుస్తా ఉండాడు! ఎవురూ ఊరికే కూచోవద్దండప్పోయ్!” అని అరిచాడు. అక్క, “ఇన్నాళ్ళకి మొగోని మాదిరి అరిచినావు!” అని, ఉన్న కెమెరాలన్నీ ఒక్కసారిగా తెరిచింది.

కెప్టెను చక్రం తిప్పారు. రెండవ కొసన ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ తిప్పారు. కొంతసేపు చక్కగా నడిచి మళ్ళీ వెలిగింది. ఆయన ఆ దీపం వైపు చూచిన చూపును నేను మరువలేను. ఆ చూపులో మేము లేము. ఏదో ఒక రేవు, ఎదురుగా వస్తున్న ఏదో ఒక ఓడ ఉన్నవి.

“ఇప్పుడు బాగుచేసినది,” అన్నారు.

పెట్టెలను మార్చాము. మళ్ళీ కేక, మళ్ళీ సందడి. చక్రం తిరిగింది, చుక్కాని తిరిగింది, దీపం వెలగలేదు. ఆయన పొద్దు వాలేదాకా లేవలేదు. ఇంజను గది హెచ్చరికలన్నీ ఒకేసారి మోగించమన్నారు. సముద్రగర్భ చిత్రాలు వరుసగా తెరవమన్నారు. చిత్రమేమిటంటే, మాకు అడ్డుపడినది యంత్రం కాదు, మర్యాద. ఆయన ముఖం గంభీరమైనప్పుడల్లా చిత్రాలు తెరిచే ఆమె తనకు తెలియకుండానే మెల్లగా చేయి వెనక్కు తీసుకొనేది. అక్క కసిరేది. “ఏమే, యాంటికి ఆపితివి? ఆయప్ప నడిసముద్రంలో ఉండాడు, నువ్వు ఈడ గమ్మునుంటే ఎట్ల? తెరువు, తెరువు!”

సాయంత్రం ఆయన చక్రం మీది నుండి చేయి తీసి, నా తెర వద్దకు వచ్చి, అన్నిటికంటె వెనుకబడి వచ్చిన సందేశం ఏదని అడిగారు. చూపించాను. అది మేము మునుపు పంపిన ముత్యాలవంటి కొలతలకు దూరంగానే ఉన్నది. గడువుకు మాత్రం లోపలనే ఉన్నది.

“ఇది నమ్ముతాను,” అన్నారు. ఆ పిల్ల అప్పుడు కూర్చొన్నది. వెళ్ళేముందు ఆయన మేస్త్రి భుజం మీద చేయి వేసి, ఓడలో పరికరాలు బిగించేనాడు మీ కేక అక్కడ కూడా కావాలన్నారు. నేను తెలుగులో చెప్పగా, మేస్త్రి ఆలోచించి, “నాకు గూడా ఈత రాదని చెప్పండి సామీ,” అన్నాడు.

అయినా వెళ్ళాడు. రేవులో పరికరాలు బిగించారు, ఓడ కదిలింది, నేను మళ్ళీ నా పద్యాల దగ్గరికి చేరుకొన్నాను. షెడ్డులో ఇప్పుడు మరొక ఓడ నరాలు పరచి ఉన్నవి. ఆ పిల్ల దానికి పెద్ద. అక్కడ ఆ కేక వినబడితే ఇప్పుడు వేపచెట్టు కిందివారు శెనక్కాయలు వదిలి లోపలికి పరుగెడతారు.

చెప్పవలసినది ఒకటి మిగిలింది. మరుసటి వేసవి మొదట్లో మేస్త్రి నాకు ఫోను చేశాడు. పలకల కిందికి పోగా మిగిలిన ఆ చెక్కలో బోరు వేయించాడట; నీళ్ళు కొలిచేటప్పుడు నేను దగ్గర ఉండాలని పిలిచాడు. షేర్ ఆటోలో వెళ్ళాను. నేను చేరేసరికి అతడు చుట్టుపక్కల చేల గట్ల మీద తిరుగుతూ అందరినీ బతిమాలుతున్నాడు.

“మీ మోటార్లు ఏసుకోండప్పా! కరెంటు వచ్చింది గదా, అన్నీ ఏసుకోండి!”

“ఎండకి తలకాయ తిరిగిందా ఏందప్పా నీకు?” అన్నాడొక పొరుగు రైతు. “నీ బోరు కొలుస్తా ఉంటే మేము ఏసుకునేదేంది? అంత మర్యాద లేనోళ్ళమా?”

“మర్యాద వద్దన్నా. నీ పుణ్యముంటాది, ఏసుకో.”

గొణుగుతూనే అందరూ వేసుకొన్నారు. నాలుగు దిక్కులా పంపుసెట్లు రొద చేస్తుండగా మేస్త్రి తన మోటారు మీట నొక్కాడు. గొట్టం దగ్గి, ఎర్రమన్ను కక్కి, తరువాత తేటపడింది. పడినది సన్నని ధార. మునుపటివలె ఎగజిమ్మలేదు. పొరుగువారు జాలిగా చూచారు. అతడు మాత్రం వంగి, ఆ ధార కింద చేయి పెట్టి, చాలాసేపు అట్లే ఉన్నాడు. ధార సన్నగిల్లలేదు. పిదప లేచి, చెక్కలో ఒక మూల అడుగులతో కొలుచుకొని, హద్దున ఒక రాయి పెట్టాడు.

“ఇంతే పెడతా సామీ,” అన్నాడు.

వేసవి చివర ఆ దారిన పోతూ ఆగి చూచాను. ఆ రాయికి ఇవతల వంగతోట పచ్చగా ఉన్నది. చుట్టూ మోటార్లన్నీ నడుస్తూనే ఉన్నవి.